మెట్టసీమ వాన లెక్క

2021 నవంబరు మూడో వారంలో బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది. అది మోసుకొచ్చిన తడి మాత్రం తీరంలోనే ఆగలేదు. శేషాచలం, పాలకొండలు, వెలిగొండల దాకా పోయి అక్కడ కుమ్మరించింది. 19వ తేదీన కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. ఆ నీరూ పెన్న నీరూ కలిసి సోమశిల జలాశయం మీద విరుచుకుపడ్డాయి. గేట్లెత్తి 5 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదలక తప్పలేదు. డ్యామ్ దిగువన రాతి, కాంక్రీటు కట్టడాలు దెబ్బతిన్నాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. కోవూరు దగ్గర జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి.

ఆ వరదను ఒకసారి టీఎంసీల్లో చూడాలి. లక్ష క్యూసెక్కుల నీరు ఒక పగలూ ఒక రాత్రీ ఏకధాటిగా పారితే 8.64 టీఎంసీలవుతుంది. అదే 5 లక్షలైతే 43 టీఎంసీలు. సోమశిల పూర్తి సామర్థ్యం 78 టీఎంసీలు కనుక, ఆ ధాటి ఒక్క రోజు నిలిచినా డ్యామ్‌లో సగానికి మించిన నీరు వచ్చి వెళ్ళినట్టే. ఇంకో పోలిక కూడా ఉంది. ప్రకాశం జిల్లాకూ, ఉదయగిరి ప్రాంతానికీ నీళ్ళివ్వడానికి మూడు దశాబ్దాలుగా నిర్మాణం నడుస్తున్న వెలిగొండ ప్రాజెక్టు శ్రీశైలం నుంచి ఏడాది మొత్తానికి కోరేది 43.5 టీఎంసీలు. ఆ ప్రాజెక్టు మొత్తం ఒక ఏడాదికి కృష్ణమ్మను అడుగుతున్నంత నీరు, ఉదయగిరి పొరుగునే పెన్నలో ఒక్క రోజులో సముద్రం దారి పట్టగలదన్నమాట.

సోమశిల ఉన్నది ఆత్మకూరు ప్రాంతంలోనే, అనంతసాగరం మండలంలో. అక్కడి నుంచి ఉత్తరానికి పోతే ఉదయగిరి, దుత్తలూరు, సీతారామపురం, వరికుంటపాడు, వింజమూరు. నెల్లూరు వాళ్ళు మెట్ట మండలాలనే ఊళ్ళివి. ఎండాకాలం వచ్చిందంటే ఇక్కడ చాలా ఊళ్ళలో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెడతారు. వరదా కరువూ ఇంత దగ్గర దగ్గరగా ఎలా ఉంటున్నాయి? భూమి వేడెక్కుతున్నకొద్దీ రెండూ ఎందుకు ముదురుతున్నాయి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు నదీ పరీవాహకపు నీటి లెక్కలో దొరుకుతుంది.

లెక్క చూడ్డానికి చాలా చిన్నది. ఒక పరీవాహకంలో పడిన వాన మూడు దారుల్లో పోతుంది. కొంత ఆవిరవుతుంది, నేల నుంచి, చెరువుల నుంచి, పైర్ల ఆకుల నుంచి పైకి పోయే తడి అంతా ఈ పద్దు కిందికే వస్తుంది. కొంత వాగులై, ఏరై పారిపోతుంది. మిగిలింది నేలలో పదునుగా, బావుల్లో ఊటగా, చెరువుల్లో మడుగుగా నిలుస్తుంది. వాన ఎంతో ఈ మూడూ కలిపి అంతే. ఇందులో ఏ ఒక్కటి పెరిగినా మిగతావాటిలో కోత పడాల్సిందే.

పెన్న కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి 597 కిలోమీటర్లు నడిచి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాని పరీవాహకం 55,213 చదరపు కిలోమీటర్లు. కేంద్ర జల సంఘం 1993 నాటి లెక్కన ఏడాదికి సగటు ప్రవాహం 6.32 శతకోటి ఘనపు మీటర్లు, సుమారు 223 టీఎంసీలు. వినడానికి పెద్ద అంకెలాగే ఉంటుంది. ఆ నీటినంతా పరీవాహకం మీద సమంగా పరిచి చూస్తే మాత్రం 114 మిల్లీమీటర్ల మందమే వస్తుంది, అంటే నాలుగున్నర అంగుళాలు. పడిన వాన దానికి ఎన్నో రెట్లు. అనంతపురం వైపు ఏడాదికి 550 మిల్లీమీటర్లు, నెల్లూరు తీరం వైపు వెయ్యికి పైన. నడిమధ్యన 700 అనుకున్నా, ఏటికి చేరేది ఆరింట ఒక వంతు. మిగిలిన అయిదు వంతుల్లో సింహభాగం గాలిలోకే.

పెన్నలాంటి పొడి పరీవాహకాల అసలు బలహీనత ఇక్కడే ఉంది. ఆవిరి ఎప్పుడూ ముందు తన వాటా తాను తీసుకుంటుంది. ఏటికి దక్కేది ఆఖర్న మిగిలిన ముక్క. అందుకే వాన పది శాతం తగ్గితే ఏరు కూడా పది శాతమే తగ్గుతుందనుకోవడం పొరపాటు. ఇలాంటి చోట్ల పారకం అంతకు రెండు రెట్లో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో పడిపోతుంది. సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ బుడికో గత శతాబ్దంలో ఈ సంబంధాన్ని ఒక వక్రరేఖగా గీసి చూపించాడు. అది నిజంగా ఎలా జరుగుతుందో ఆస్ట్రేలియాలో పెర్త్ నగరం అనుభవించింది. 1970ల తర్వాత అక్కడ వాన తగ్గింది అయిదింట ఒక వంతుకు లోపే. నగరపు జలాశయాల్లోకి వచ్చే నీరు మాత్రం సగానికి సగం పడిపోయింది. చివరికి సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే కర్మాగారాలు కట్టుకున్నారు. ఆ స్తోమత పెర్త్‌కు ఉంది.

ఇక వేడి. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం 1901, 2018 మధ్య మన దేశపు సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగింది. హిందూ మహాసముద్రపు ఉష్ణమండల భాగం ఉపరితలం 1951, 2015 మధ్య దాదాపు ఒక డిగ్రీ వేడెక్కింది. ఒక్క డిగ్రీకి ఏమవుతుందిలే అనుకోకూడదు. డిగ్రీ వేడి పెరిగితే గాలి పట్టుకోగల తేమ ఏడు శాతం పెరుగుతుంది. ఆ ఏడు శాతం రెండు పనులు చేస్తుంది. వాన లేని రోజుల్లో నేల నుంచి, చెరువు నుంచి మరింత తడి లాగుతుంది. వాన వచ్చే రోజున మరింత నీటిని ఒక్కసారిగా దించుతుంది. బెట్టనూ వరదనూ పెంచుతున్న కారణం ఒకటే.

ఆవిరి ఎంత పెద్ద పద్దో ఒక ఊరి చెరువు చెబుతుంది. ఈ ప్రాంతంలో ఎండాకాలం నీటి మీద నుంచి రోజుకు సుమారు 6 మిల్లీమీటర్లు ఆవిరవుతుందనుకుందాం. ఫిబ్రవరి చివర్లో చెరువులో నిలువు మీటరు లోతు నీరుంటే, తూము ఒక్కసారి కూడా ఎత్తకుండా మూడు నెలలు గడిపినా అందులో సగానికి పైగా ఆకాశానికి పోతుంది. 90 రోజులకు 540 మిల్లీమీటర్లు. చెరువు లోతుగా ఉంటే ఆ కోత ఆనదు. పూడిపోయి పళ్ళెంలా పరుచుకున్న చెరువులో అదే ప్రాణాంతకం. కాబట్టి పూడిక తియ్యడమంటే నిల్వ పెంచడంతో సరిపోదు, అదే నీటికి ఎండ తగిలే వైశాల్యాన్ని తగ్గించడం కూడా. సోమశిల లాంటి పెద్ద జలాశయానికీ ఈ బాధ తప్పదు. ఒక్క చదరపు కిలోమీటరు నీటి మీద నుంచి ఆ లెక్కన రోజుకు 60 లక్షల లీటర్లు లేచిపోతాయి.

నెల్లూరు జిల్లాకు రాష్ట్రంలోని చాలా జిల్లాలకు లేని విశేషం ఒకటుంది. ఇక్కడ నైరుతి కంటే ఈశాన్యమే పెద్ద వాన. ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. స్వాతి, విశాఖ కార్తెలు ఎలా నడుస్తాయో చూసుకునే ఇక్కడి రైతు ఏడాది బతుకు తేల్చుకుంటాడు. ఆ మూడు నెలల్లోనూ వాన రోజూ పడేది కాదు. రెండో మూడో అల్పపీడనాలు తెచ్చేదే అసలు సరుకు. ఒక వాయుగుండం నూరు కిలోమీటర్లు దక్షిణానికి జరిగితే నీళ్ళు తమిళనాడుకు పోతాయి, ఉత్తరానికి జరిగితే ప్రకాశం, గుంటూరులకు పోతాయి. ఏడాది వాన రెండు మూడు తుపాన్ల దారి మీద ఆధారపడిన చోట సగటు అనే అంకెకు విలువ తక్కువ.

ఇటీవలి ఏళ్ళు చూసినా ఈ సంగతి తెలుస్తుంది. 2015 నవంబరులో వానలు చెన్నైతో పాటు నెల్లూరునూ ముంచాయి. మరుసటి ఏడు, 2016లో, ఈశాన్య రుతుపవనాలు దక్షిణాదిలో శతాబ్ద కాలంలోనే అతి బలహీనమైన వాటిలో ఒకటిగా మిగిలాయి. 2018 చివర మళ్ళీ మొండిచెయ్యి. 2020 నవంబరులో నివర్ తుపాను, ఆ మరుసటి ఏడు పైన చెప్పిన వరద, 2023 డిసెంబరులో మిచాంగ్. ఎల్‌నినో వచ్చిన ఏడాది నైరుతి దెబ్బతిన్నా ఈశాన్యం బాగుంటుందనేది వాతావరణ శాస్త్రంలో పాత అనుభవం. 2015 దానికి చక్కగా సరిపోయింది. 2021 లానినా ఏడాది. ఆ లెక్కన ఈశాన్యం నీరసంగా ఉండాలి. వచ్చింది జలప్రళయం. సముద్రం వేడెక్కాక పాత ఆనవాళ్ళను గుడ్డిగా నమ్మడానికి లేదు.

ఈ నేలకు ఈ కష్టం కొత్తదేమీ కాదు. వెలిగొండలకు పడమటి పక్కన, కడప జిల్లా పోరుమామిళ్ళలో ఒక పెద్ద చెరువుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడనే పేరు కూడా ఆయనదే, ఉదయగిరి నుంచి తూర్పు సీమను ఏలుతూ దాన్ని కట్టించాడు. 1369 నాటి శాసనంలో ఆ కట్టడం వివరమంతా ఉంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ పని. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను కూడా ఆ శాసనం లెక్కపెట్టింది. వాటిలో జలశాస్త్రం తెలిసిన పండితుడు ఉండాలనేది ఒకటి, కొండ భాగాల మధ్య గట్టి రాతికట్ట ఉండాలనేది ఇంకొకటి. ఆరు శతాబ్దాల తర్వాత ఇంజినీర్లు సోమశిలలో డ్యామ్‌కు ఎంచుకున్న చోటూ అలాంటిదే, పెన్న వెలిగొండలను కోసుకుని మైదానంలోకి దిగే గండి.

శాసనంలో మరింత విలువైన మాట చెరువుకు తగిలే ఆరు దోషాల గురించి. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం మొదటి నాలుగు. అయిదోది నీరు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం. ఆరోది నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. ఆఖరి రెండూ అచ్చంగా నీటి లెక్క తప్పడం గురించినవే. ఆ కాలపు ఆలోచనలో ఈ రెండూ వేర్వేరు చెరువులకు తగిలే దోషాలు. చెరువు ఎక్కడ కట్టాలో సరిగ్గా ఎంచుకుంటే రెండింటినీ తప్పించుకోవచ్చు. ఇప్పుడు అలా కాదు. ఒకే చెరువుకు ఆగస్టులో అయిదో దోషం, నవంబరులో ఆరో దోషం తగులుతున్నాయి. చోటు మార్చి తప్పించుకునే వీలు లేదు.

మెట్ట పొలంలో వాన ఎలా దిగుతుందో దగ్గరగా చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఎకరం మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్లు. అదే వాన పది రోజుల్లో పదేసి మిల్లీమీటర్ల చొప్పున పడితే ఎర్రనేల దాదాపు అంతా తాగేస్తుంది. దుక్కి పదునెక్కుతుంది, సజ్జ, కంది, మినుము నిలుస్తాయి. చెరువుకు మాత్రం చుక్క రాదు. అంతా ఒక్క రాత్రిలో కురిసిందా, మొదటి అరగంటలోనే పెద్ద చినుకులు మట్టి రేణువుల్ని కొట్టి కొట్టి పైన పొర కట్టిస్తాయి. ఆ పొర మీద తర్వాతి నీరంతా జారి, పైమట్టిని కలుపుకుని, ఎర్రగా వాగులో పడుతుంది. వాగు చెరువును నింపుతుంది, మోసుకొచ్చిన మట్టితో పూడుస్తుంది కూడా. కలుజు పొర్లుతుంది. తెల్లారి గట్టు మీద నిలబడి చూసినవాళ్ళకు ఊరు సుభిక్షంగా కనిపిస్తుంది. అడుగున్నర లోతున నేల తవ్వితే పొడి మట్టే తగులుతుంది. మొత్తం వాన మారకపోయినా, పడే తీరు మారితే చాలు, పైరుకు పోవాల్సిన నీరు వరద పద్దులో పడిపోతుంది.

కింద ఉన్న రాయి కూడా ఈ ప్రాంతానికి కలిసిరాలేదు. భూగర్భ శాస్త్రవేత్తలు నెల్లూరు శిస్టు పట్టీ అని పిలిచే పురాతన శిలల్లో రెండు సముదాయాలకు వింజమూరు, ఉదయగిరి అనే పేర్లే పెట్టారు. ఈ గట్టి రాళ్ళలో నీరు నిలిచేది పగుళ్ళలోనూ, పైన చీకిపోయిన పొరలోనూ మాత్రమే. గోదావరి డెల్టా ఇసుక పొరల్లాగా ఏళ్ళ తరబడి దాచుకునే చోటు కాదిది. ఒక మంచి వాన బావిని చప్పున నింపుతుంది, రెండు పంటల మోటార్లు చప్పున ఖాళీ చేస్తాయి. కపిల తోలిన రోజుల్లో ఎద్దులు లాగగలిగినంతే తీశారు. ఇప్పుడు బోర్లు వందల అడుగులు దిగాయి. లోతు పెరిగినకొద్దీ రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీరు వస్తుంది, దానితో పాటే ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు మొట్టమొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్ళకూ ఎముకలకూ ముప్పు. కరువు ఏడాది అంటే ఇక్కడ నీరు తగ్గడమే కాదు, ఉన్న నీరు చెడడం కూడా.

అన్నీ వాతావరణం మీదికి నెట్టడం న్యాయం కాదు. సోమశిలకు వచ్చే పెన్న, దారి పొడవునా చాలామందికి నీళ్ళిచ్చి వస్తుంది. చిత్రావతి, పాపాఘ్ని, కుందూ, సగిలేరు అన్నిటి మీదా ఆనకట్టలున్నాయి. గండికోట జలాశయం ఒక్కటే దాదాపు 27 టీఎంసీలు పడుతుంది. అనంతపురం, కడపల్లో లక్షల బోర్లు వాగుల అడుగు ఊటను పీల్చేశాయి. మరోవైపు 1983 నాటి తెలుగుగంగ ఒప్పందం పుణ్యాన శ్రీశైలం నుంచి కృష్ణా జలాలు వెలుగోడు, బ్రహ్మంసాగర్ మీదుగా సోమశిలకు, అక్కడి నుంచి 68 టీఎంసీల కండలేరుకు, ఆపైన చెన్నైకి పోతున్నాయి. కాబట్టి పెన్న నీటి లెక్కలో పశ్చిమ కనుమల మీద కురిసిన వాన కూడా ఒక పద్దు. ఏటిలో నీరు ఎందుకు తగ్గిందో చెప్పాలంటే వాన, వేడి, వాడకం మూడింటినీ విడదీసి కొలవాలి. అది కష్టమైన పనే, కానీ చెయ్యకపోతే ప్రతి కరువునూ విధి మీదికి, ప్రతి వరదనూ ప్రకృతి మీదికి నెట్టి ఊరుకుంటాం.

సోమశిల ఎగువన పడే వాన మీద అధికారులకు కన్నుంది. వెలిగొండల నుంచి దిగి సంగం వైపు వచ్చి పెన్నలో కలిసే బొగ్గేరు, బీరాపేరులాంటి చిన్న ఏర్ల మీద కూడా అంత శ్రద్ధ ఉండాలి. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టకు సొంత నీళ్ళంటే అవే. ఏడాదిలో కొన్ని గంటల పాటు ఉరకలెత్తి తర్వాత ఇసుకగా మిగిలే ఏర్లు కావడంతో, నెలవారీ సగటులు వాటి సంగతి ఏమీ చెప్పవు. గంట గంటకూ మట్టం నమోదు చేసే చవకైన పరికరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. సంగం దగ్గర వందేళ్ళు దాటిన పాత ఆనకట్ట స్థానంలో 2022 సెప్టెంబరులో దివంగత మంత్రి మేకపాటి గౌతంరెడ్డి పేర కొత్త బ్యారేజీ వచ్చింది. దాని గేట్లు నడపడానికి కూడా పైనుంచి వచ్చే ఈ ఏర్ల కబురు కొన్ని గంటల ముందే అందడం అవసరం.

మెట్టకు బయటి నుంచి నీరు తేవడానికి రెండు దారులున్నాయి. ఒకటి సోమశిల నుంచి పైకెత్తి పారించే హైలెవల్ కాలువ. సోమశిల పూర్తి మట్టం 330 అడుగులు. మెట్ట పొలాలు అంతకంటే ఎత్తులో ఉన్నాయి గనుక కరెంటు ఖర్చు పెట్టి నీటిని ఎక్కించాలి. నవంబరు వరద సముద్రం పాలు కాకుండా ఆపగలిగేది ఈ దారే. అయితే వరద ఉండే కొద్ది రోజుల్లోనే నీటిని గబగబా ఎత్తి, మెట్ట చెరువులన్నిటిలో నింపుకునేంత పంపులూ కాలువలూ ఉండాలి. ఏడాది పొడవునా సన్నగా పారుతుందనే లెక్కతో కట్టిన కాలువ ఈ కాలపు వానకు సరిపోదు.

రెండోది వెలిగొండ. నల్లమల అడవి కింద పద్దెనిమిది కిలోమీటర్లకు పైబడిన రెండు సొరంగాల తవ్వకం పూర్తయింది. రెండూ కలిపి 11,500 క్యూసెక్కులు తీసుకుంటాయి. శ్రీశైలానికి వరద 45 రోజులుంటుందనే అంచనా మీద 43.5 టీఎంసీల లెక్క నిలబడింది. నెల్లూరు జిల్లాకు ఇందులో చూపిన ఆయకట్టు 84 వేల ఎకరాలు. కృష్ణా వరద కూడా ఇప్పుడు పాత తీరున నడవడం లేదు. 2019లో పొంగి పొర్లింది, 2023లో శ్రీశైలమే సరిగ్గా నిండలేదు. వరద రోజులు 30కి తగ్గితే అవే సొరంగాల్లో వచ్చేది 30 టీఎంసీలకు కాస్త తక్కువే. అంటే మూడో వంతు కోత. సొరంగాల నీరు నిలిచే నల్లమల సాగర్ జలాశయానికి దక్షిణాన, అంత దూరంలో ఉన్న ఉదయగిరి మండలాలకు ఆ కోతలో ఎంత వాటా పడుతుందో, ఏ పంటకు ఎన్ని తడులు మిగులుతాయో ఆయకట్టు ఖరారు చేసే ముందే తేల్చాలి. మాగాణి వరికి ఒప్పుకుంటే ఒక లెక్క, శనగకూ కందికీ రెండు తడులిస్తామంటే ఇంకో లెక్క. రెండో లెక్కనైతే అదే నీటితో ఎన్నో రెట్లు ఎక్కువ ఎకరాలు తడపవచ్చు, లోటు ఏడాదిలో కూడా ఒక్క తడైనా అందరికీ దక్కుతుంది.